నలుపు-తెలుపు నెగెటివ్ స్కానింగ్: డిజిటల్ ముద్రణలో ఛాయల పరిరక్షణ

ప్రవేశిక:

నలుపు-తెలుపు ఛాయాచిత్రకళలో నెగెటివే మూలప్రతి. జెలటిన్ పొరలో నిలిచిన వెండి రేణువుల సాంద్రతలోనే దాని సమాచారమంతా ఉంటుంది. ఆ సాంద్రతను అంకెలుగా మార్చే ప్రక్రియే స్కానింగ్. పాత అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు లోనైతే ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తూ కుంచించుకుపోతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వచ్చిందంటే ఆ క్షయం మొదలైనట్టే. అటువంటి నెగెటివ్‌కు ఇప్పుడు చేసే స్కానే చివరిది కావచ్చు. కనుక అందులో జారిపోయిన ఛాయ తిరిగి దొరకదు.

సాంద్రత - బిట్లు:

ఫిల్ము సాంద్రతను లాగరిథమ్ ప్రమాణంలో కొలుస్తారు. సాంద్రత 1 ఉన్నచోట పడిన కాంతిలో పదో వంతు, 2 ఉన్నచోట నూరో వంతు, 3 ఉన్నచోట వెయ్యో వంతు మాత్రమే ఆవలికి చేరుతుంది. సక్రమంగా డెవలప్ చేసిన నెగెటివ్‌లో అతి పలుచని, అతి దట్టమైన భాగాల మధ్య అంతరం సాధారణంగా 1 నుంచి 1.5 వరకు ఉంటుంది. స్లైడులో ఇది 3 దాటవచ్చు. అందువల్ల స్కానర్ల ప్రకటనలలో కనిపించే 4.0 అనే అంకె స్లైడుకు ఉపయోగపడినంతగా నెగెటివ్‌కు ఉపయోగపడదు.

నెగెటివ్‌తో వచ్చే చిక్కు వేరు. ఈ కొద్దిపాటి అంతరాన్ని ముద్రణలో గాఢమైన నలుపు నుంచి కాగితపు తెలుపు వరకు సాగదీయవలసి ఉంటుంది. 8 బిట్ల ఫైలులో ఉన్నవి 256 మెట్లే. నెగెటివ్ వాటిలో కొంత భాగాన్నే ఆక్రమిస్తుంది. సాగదీసినప్పుడు ఆకాశం వంటి నునుపైన చోట్ల ఛాయలు చారలుగా విడిపోతాయి. 16 బిట్ల ఫైలులో 65,536 మెట్లు ఉండటం వల్ల ఈ ప్రమాదం దాదాపు తొలగుతుంది. స్కానర్‌లోని స్వయంచాలక కాంట్రాస్టు సవరణను ఆపివేయడం కూడా అంతే అవసరం. అది రెండు చివరలనూ కత్తిరించి చిత్రాన్ని ఆకర్షణీయంగా చూపుతుంది గాని, ఆ కోతలో తెల్లని పంచె మడతలు, చెట్టునీడలోని ముఖం అదృశ్యమవుతాయి. మంచి స్కాన్ తెరపై వెలవెలబోయినట్టు కనిపిస్తుంది. దానిని లోపంగా భావించరాదు.

పరిమాణం విషయం సులువైనదే. 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమును అంగుళానికి 4000 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 3780×5669 పిక్సెళ్లు లభిస్తాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే అది దాదాపు 12.6×18.9 అంగుళాల చిత్రమవుతుంది.

ధూళి - వెండి:

రంగు ఫిల్ముపై ధూళిని గుర్తించే పరారుణ కిరణాల పద్ధతి ఇక్కడ చెల్లదు. రంగు ఫిల్ములోని అద్దకాలు పరారుణ కాంతిని దాటనిస్తాయి, వెండి అడ్డగిస్తుంది. దానితో స్కానర్ చిత్రాన్నే ధూళిగా పొరబడి చెరిపివేయబోతుంది. ఇల్ఫర్డ్ ఎక్స్‌పి2 వంటి ఫిల్ములు ఇందుకు మినహాయింపు. రంగు ఫిల్ము రసాయనాలలో కడిగే ఆ ఫిల్ములో చివరకు మిగిలేది అద్దకమే. తక్కినవాటికి గాలితో ధూళిని ఊదడం, మెత్తని కుంచె, ఓపిక తప్ప వేరే మార్గం లేదు. స్కానర్ దీపం స్వభావం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. వెండి రేణువులు కాంతిని చెదరగొడతాయి కనుక సూటిగా పడే కాంతిలో గీతలు, రేణువులు ప్రస్ఫుటమవుతాయి, కాంట్రాస్టు పెరుగుతుంది. విస్తరించిన కాంతిలో అవి మెత్తబడతాయి. దీనినే కాలియే ప్రభావం అంటారు.

ముద్రణ:

రంగు సిరాల మిశ్రమంతో బూడిద ఛాయలను సృష్టించే ఇంక్‌జెట్ యంత్రంలో ఒక్కొక్క ఛాయ ఒక్కొక్క రంగు వైపు మొగ్గే అవకాశముంది. పగటి వెలుగులో తటస్థంగా ఉన్న చిత్రం దీపకాంతిలో వేరుగా తోచవచ్చు. నలుపుతోపాటు రెండు మూడు బూడిద సిరాలు గల యంత్రాలలో ఈ దోషం చాలావరకు తగ్గుతుంది. కాగితం మరొక హద్దు. మెరుపులేని నూలు కాగితంపై సాధించగల నలుపు, మెరుపు కాగితపు నలుపంత గాఢంగా ఉండదు. ఒకే చిత్రానికి రెండు కాగితాలపై రెండు వేర్వేరు ఛాయావక్రాలు కావలసి వచ్చేది ఇందుకే. ఈ సవరణలన్నీ నకలు ఫైలులోనే జరగాలి. స్కానర్ నుంచి వచ్చిన తొలి ఫైలును యథాతథంగా భద్రపరిస్తే, రేపు మరో కాగితం, మరో సిరా వచ్చినప్పుడు శిథిలమైన ఫిల్మును మళ్లీ తాకవలసిన పని ఉండదు.