పిల్లలతో సముద్రానికి వెళ్లేవారు తిథి చూసుకోవాలి
మంగినపూడి, హంసలదీవి, కొల్లేరు: మూడు నీళ్లు, మూడు స్వభావాలు

చల్లపల్లి: సెలవులు వచ్చాయంటే పిల్లలకు సముద్రం చూడాలని ఆశ. అందుకు విశాఖపట్నమో, చెన్నైయో పోనక్కర్లేదు. చల్లపల్లిలో బస్సెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరంలో మూడు చోట్లున్నాయి. తూర్పున మంగినపూడి, దక్షిణాన హంసలదీవి, ఉత్తరాన కొల్లేరు. ఒకటి సముద్ర తీరం, ఒకటి కృష్ణమ్మ సాగరంలో కలిసే చోటు, ఒకటి మంచినీటి సరస్సు. చూడటానికి అన్నీ నీళ్లే అయినా మూడింటి స్వభావం ఒకటి కాదు. ఆ తేడా తెలియక నీళ్లలో దిగి తిరిగి రానివారు ఉన్నారు. అందుకే బయలుదేరే ముందు నాలుగు విషయాలు తెలుసుకోవడం మంచిది.

నల్లమట్టి తీరం

మంగినపూడి బందరుకు 11 కిలోమీటర్లు. చల్లపల్లి నుంచి జాతీయ రహదారి మీదుగా బందరు చేరి అక్కడ మరో బండి ఎక్కాలి. మిగతా తీరాల్లో మాదిరి తెల్లని ఇసుక ఇక్కడ ఉండదు. నేల నల్లమట్టి, నీరు బురద రంగు. లోతు తక్కువగా ఉండటంతో చాలా దూరం నడిచి వెళ్లవచ్చునని జనం ధైర్యం చేస్తారు. ఆ ధైర్యమే ఒక్కోసారి ముప్పు తెస్తుంది. పోటు మొదలైతే మోకాటి లోతున్న చోటే నడుము దాటుతుంది. నీరు మురికిగా ఉండటంతో కాలి కింద ఏముందో కనిపించదు.

దారిలో చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం, తీరానికి దగ్గరలో దత్తాశ్రమం చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు కొనకుండా వచ్చేవారు తక్కువ. ఈ తీరంలోనే బందరు ఓడరేవు పనులు 2023 మే నెలలో మొదలయ్యాయి.

కృష్ణమ్మ కలిసే చోటు

హంసలదీవికి మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్లాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం ప్రసిద్ధం. సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని స్థల పురాణం. గుడి నుంచి ఇంకా ముందుకు పోతే పాలకాయతిప్ప వస్తుంది. అక్కడ నుంచే సాగర సంగమానికి దారి.

అందమంతా ఇక్కడే, అపాయమూ ఇక్కడే. పోటు వేళ సముద్రపు నీరు నదిలోకి ఎక్కుతుంది. పాటు వేళ ఆ నీరు, నది నీరు రెండూ కలిసి ఒక్కసారిగా సముద్రంలోకి లాగుతాయి. ఆ లాగుడుకు మొగ దగ్గర ఇసుక తిప్పలు కదులుతూ ఉంటాయి. నిరుడు నడుము లోతున్న చోట ఈ ఏడు నిలువు లోతు గుంట ఉండవచ్చు. కాలువలో ఈత నేర్చినవాడికి ఇక్కడి లాగుడు అలవాటు ఉండదు. ప్రకాశం బ్యారేజీ నుంచి వరద నీరు వదిలే రోజుల్లో సంగమం వైపు పోకపోవడమే మేలు.

పున్నమి స్నానం, పెద్ద పోటు

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. ఈ వేళలు ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇవాళ పది గంటలకు పోటు వస్తే రేపు పదకొండుకు కాస్త ముందు వస్తుంది. పున్నమికి, అమావాస్యకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలవడంతో పోటూ పాటూ రెండూ బలంగా ఉంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కూడా అంతే. అష్టమి, నవముల్లో ఈ జోరు తగ్గుతుంది.

చిక్కేమిటంటే, జనం ఎక్కువగా స్నానాలకు వెళ్లేది పున్నమికే. కార్తీక పున్నమికి మంగినపూడి, మాఘ పున్నమికి హంసలదీవి కిటకిటలాడతాయి. పుణ్యస్నానం మానమని ఎవరూ చెప్పరు. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకున్నా స్నానమే. పిల్లల ఆటకోసమే వెళ్లేవారైతే మాత్రం పంచాంగం చూసుకుని అష్టమి దగ్గర్లో పెట్టుకోవడం మంచిది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు కూడా పున్నమే. సునామీకి తిథితో సంబంధం లేదు. అయితే ఆ ఉదయం తీరంలో జనం ఉన్నారు, ఈ జిల్లా తీరంలోనూ ప్రాణాలు పోయాయి. సముద్రం ఎన్నడూ లేనంతగా వెనక్కి పోయినా, ఉన్నట్టుండి పొంగినా గవ్వలు ఏరుకుంటూ నిలబడరాదు. వెంటనే మెరకకు పరుగెత్తాలి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమ పెద్దలకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రేడియోలో, టీవీలో వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

అలలు లేని కొల్లేరు

పసిబిడ్డలు, ముసలివాళ్లు ఉన్న కుటుంబానికి కొల్లేరు అనువైనది. కూచిపూడి, పామర్రు, గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు చేరితే పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. కైకలూరు 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది. నవంబరు నుంచి మార్చి వరకు పక్షులు బాగా కనిపిస్తాయి. అన్నీ సైబీరియా నుంచి వచ్చినవే అనుకోవడం పొరపాటు. గూడబాతులు మన దేశపు పక్షులే. చెట్లమీద, అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టి ఇక్కడే పిల్లలను లేపుతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనమూ ఆ ప్రయాణంలోనే చేసుకోవచ్చు.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కేకలు వేయడం, రాళ్లు విసరడం చేస్తే తల్లి పక్షులు గూళ్లు వదిలి లేస్తాయి. దివిసీమ తీరంలో శీతాకాలం చివర గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఆ గుడ్లను తాకడం చట్టరీత్యా నేరం.

వెంట ఉంచుకోవలసినవి

తాగే నీళ్లు, పులిహోరో పెరుగన్నమో ఇంటినుంచే తీసుకెళ్లాలి. ఒక పొడవాటి తాడు, గాలి నింపిన ట్యూబు కూడా వెంట ఉంటే మంచిది. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకుండా తాడో, ట్యూబో విసరాలి. లాగుడులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు పొడవునా పక్కకు ఈది లాగుడు తప్పాకే ఒడ్డుకు తిరగాలి. చీర, పంచె తడిస్తే కాళ్లకు చుట్టుకుంటాయి గనుక వాటితో లోతుకు దిగరాదు. పిల్లవాడి చెయ్యి పట్టుకునే పని ఒక పెద్దవారికి అప్పగించి, ఆ పని వదలకుండా చూడాలి.

ఆ రోజు పోటు ఎన్ని గంటలకు, పాటు ఎన్ని గంటలకు అన్నది తెలుగులో రాసిన బోర్డు చల్లపల్లి, అవనిగడ్డ, బందరు బస్టాండుల్లో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తీరం గ్రామాల జాలర్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. పంచాయతీలు వారినే అడిగి రాయించవచ్చు.