హద్దు మీరిన టర్బో: పి0049 కోడ్ కథ

స్కానర్ తెరపై పి0049 అనే కోడ్ కనిపించిందంటే, టర్బోచార్జర్‌లోని టర్బైన్ తన వేగపరిమితిని దాటినట్లు ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు, అంటే ఈసీయూ, నమోదు చేసిందని అర్థం. కోడ్‌లోని పి అక్షరం ఇంజిన్, గేర్‌బాక్సుల విభాగాన్ని సూచిస్తుంది. దాని పక్కనున్న సున్నా ఆ కోడ్ అన్ని కంపెనీల కార్లకూ ఉమ్మడిదని చెబుతుంది. ఏ భాగం పాడైందో మాత్రం కోడ్ చెప్పదు. అయినా కోడ్ వివరణలో టర్బో పేరుంది కనుక టర్బోనే మార్చేయాలన్న తొందర చాలా షెడ్లలో కనిపిస్తుంది.

స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందిన ఆలోచనే నేటి టర్బోకు మూలం. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పగా, అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. చిన్న కార్ల టర్బోలలో ఈ ఇరుసు నిమిషానికి 2,00,000 చుట్లకు మించి కూడా తిరుగుతుంది. వేగం 10 శాతం పెరిగితే రెక్కలను బయటికి లాగే బలం 21 శాతం పెరుగుతుంది కాబట్టి, హద్దు కొద్దిగా దాటినా రెక్కలు విరిగే, బేరింగులు అరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈసీయూ ఇంజిన్ శక్తిని తగ్గించి, కారును మెల్లగా మాత్రమే సాగనిస్తుంది.

విచిత్రమేమంటే, ఈ అతివేగానికి తరచు గాలి కొరతే కారణమవుతుంది. కంప్రెసర్ నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోస్ చిట్లినా, దాని క్లిప్పు వదులైనా, ఒత్తిడి చాలడం లేదని గ్రహించిన ఈసీయూ టర్బోను ఇంకా వేగంగా తిప్పిస్తుంది. చిల్లికుండను నింపబోయినట్లే ఉంటుందిది. దుమ్ముతో పూడిన ఎయిర్ ఫిల్టరూ ఇదే పని చేస్తుంది. డీజిల్ కార్లలో టర్బైన్ చుట్టూ ఉండి పొగ ధారను మళ్లించే కదిలే రెక్కలు మసి పట్టి మూసుకున్న స్థితిలో బిగుసుకుపోవడం, పెట్రోలు కార్లలో అదనపు పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ తెరుచుకోకపోవడం మరికొన్ని కారణాలు. గాలి పలుచనైన లద్దాఖ్ కనుమల వంటి చోట్ల టర్బో సహజంగానే ఎక్కువ తిరగవలసి వస్తుంది. పికప్ కోసం ఈసీయూ ప్రోగ్రామును మార్పించుకున్న కార్లలో అందులోని రక్షణ పరిమితులు కూడా సడలి ఉండవచ్చు.

కనుక పరీక్షను చవకైన చోటి నుంచే మొదలుపెట్టాలి. ఫిల్టరును, హోసులను, క్లిప్పులను చూసిన తర్వాత, గొట్టాలలోకి పొగ పంపి లీకును వెతకాలి. రెక్కలను కదిపే యాక్చుయేటర్ ఈసీయూ ఆదేశాన్ని పాటిస్తున్నదో లేదో స్కానర్‌లో గమనించాలి. వేగాన్ని కొలిచే సెన్సర్ ఉన్న టర్బో అయితే దాని వైరింగునూ పరీక్షించాలి. చివరగా ఇంజిన్ ఆపి, చల్లారాక, ఇరుసును చేత్తో కదిపి చూడాలి: నూనె పొర కోసం వదిలిన సందు వల్ల పక్కలకు కాస్త కదలడం మామూలే, కానీ ముందుకూ వెనక్కూ ఊగినా, చక్రాల రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులున్నా టర్బో చెడినట్లే. దానిని మార్చేటప్పుడు అతివేగానికి మూలమైన లోపాన్ని సరిచేయకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది. పాత టర్బో నుంచి వచ్చి ఇంటర్‌కూలర్‌లో చిక్కిన లోహపు ముక్కలను తీయకపోతే అవి ఇంజిన్‌లోకే చేరతాయి.

కోడ్‌తో పాటు నీలిపొగ గానీ, గీరుతున్నట్లు చప్పుడు గానీ వస్తే కారును నడపకుండా, వేరే బండిపై ఎక్కించి షెడ్డుకు చేర్చాలి. పగిలిన టర్బో నుంచి కారే నూనెనే ఇంధనంగా తాగి డీజిల్ ఇంజిన్ తాళం తిప్పేసినా ఆగకుండా తిరిగే ప్రమాదం ఉంది.