కలప గుజ్జు లెక్క – రెండు దేశాలు, ఒక ఫ్యాక్టరీ



పాల్కురికి సోమనాథుని కాలంలో పుస్తకమంటే తాటాకుల కట్ట. మన పాలకుర్తిలో ఇప్పటికీ తాటిచెట్లకు కొదువ లేదు. కానీ ఈనాడు మనం రాసే నోటుబుక్కు ఎక్కువగా కలప గుజ్జుతోనే తయారవుతుంది. జామాయిల్, సుబాబుల్ వంటి కలపను చిన్న ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి, నారను వేరుచేస్తే వచ్చేదే గుజ్జు. దాన్ని పలుచగా పరిచి ఆరబెడితే కాగితం అవుతుంది. మరింత శుద్ధి చేస్తే రేయాన్ నూలుకు పనికొస్తుంది.

గుజ్జు ఓడల్లో దేశాలు దాటి వెళుతుంది. ఏ దేశం ఎంత విలువైన గుజ్జు కొన్నదో కస్టమ్స్ లెక్కల్లో రాస్తారు. ఆ లెక్కను ఎలా చదవాలో ఆఫ్రికాలోని రెండు దేశాలను తీసుకొని చూద్దాం.

ఈజిప్టులో ఎక్కువ భాగం ఎడారి, కలపనిచ్చే అడవులు లేవు. ప్రాచీన కాలంలో నైలునది ఒడ్డున పెరిగే పాపిరస్ మొక్కతో రాత పత్రాలు చేసుకున్న దేశమది. నేడు అక్కడి మిల్లులు చెరకు పిప్పిని వాడుకుంటూనే విదేశాల నుండి గుజ్జు కొంటాయి. దక్షిణాఫ్రికాలో కూడా సహజమైన అడవి తక్కువే. కానీ వారు జామాయిల్, పైన్ తోటలు పెంచారు. డర్బన్ దగ్గరి ఉమ్‌కొమాస్‌లో రేయాన్‌కు పనికొచ్చే గుజ్జును తయారుచేసి ఎగుమతి చేస్తున్నారు.

అయితే దిగుమతి తక్కువగా ఉంటే స్వయంసమృద్ధి అనుకోవచ్చా? అనుకోరాదు. కాగితపు మిల్లే లేని దేశం గుజ్జు కొనదు, నేరుగా కాగితమే కొంటుంది. అందుకే కస్టమ్స్ పట్టికలో గుజ్జుకు సంబంధించిన 47వ అధ్యాయంతో పాటు, కాగితానికి సంబంధించిన 48వ అధ్యాయం కూడా చూడాలి.

ఇంకొక మెలిక ఉంది. టన్ను ధర 600 డాలర్లు అనుకుందాం. 1,000 టన్నులకు 6 లక్షల డాలర్లు. ధర 900 అయితే అదే సరుకుకు 9 లక్షలు. విలువ ఒకటిన్నర రెట్లయింది, గుజ్జు మాత్రం ఒక్క కిలో కూడా పెరగలేదు! కాబట్టి విలువతో పాటు బరువునూ పోల్చాలి.

ఇది ఎక్కడో ఉన్న దేశాల సంగతని మేము అనుకోవడం లేదు. పాత వరంగల్ జిల్లాలో, గోదావరి ఒడ్డున, మంగపేట మండలం కమలాపురంలో ఏ.పి. రేయాన్స్ పేరుతో ఫ్యాక్టరీ వెలిసింది. తరువాత అది బిల్ట్ కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ తయారైనది రేయాన్ గుజ్జే. చౌకగా వచ్చే విదేశీ గుజ్జుతో పోటీపడలేక 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. జీతాలు అందక కార్మికుల కుటుంబాలు ఎన్నో అవస్థలు పడ్డాయి. కాంట్రాక్టు కూలీలు, లారీ డ్రైవర్లు, చిన్న హోటళ్ళవారు కూడా దెబ్బతిన్నారు. అదే 2014లో మూతపడిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు మాత్రం చేతులు మారి 2018లో తిరిగి తెరుచుకుంది.

దిగుమతి పట్టికలో ఒక అంకె మారితే ఒక ఊరి పొయ్యి ఆరిపోవచ్చు, వెలగనూ వచ్చు. కనుక మిత్రులారా, అంకెలను బట్టీ పట్టడంతో ఆగక, వాటి వెనుక ఉన్న చెట్టును, మిల్లును, మనిషిని కూడా చూద్దాం. ప్రభుత్వం మనకు ఇచ్చే నోటుబుక్కులో ఒక్క పేజీ కూడా వృథా చేయకుండా చదువుకుందాం!