వర్ధనంలో మూత్రపిండ నాళికా కణాల పరిపక్వత – విషప్రభావ పరీక్షల్లో దాని ప్రాధాన్యం

నేల నుండి పంట ద్వారా ఆహారంలోకి చేరే కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుపోతుంది. అక్కడ ప్రధానంగా దెబ్బతినేవి సమీపస్థ సంవళిత నాళికా కణాలు. జపాన్‌లోని జింజూ నది పరీవాహక ప్రాంతంలో కలుషిత వరి ద్వారా వ్యాపించిన ఇటాయ్-ఇటాయ్ వ్యాధి ఇందుకు ఉదాహరణ. ఇటువంటి విషప్రభావాలను ప్రయోగశాలలో పెంచిన నాళికా కణాలపై పరీక్షిస్తారు. ఆ కణాలు ఎంతవరకు పరిపక్వమయ్యాయన్న దానిపైనే ఫలితాల విశ్వసనీయత ఆధారపడి ఉంటుంది.

ఈ పరిశోధనల్లో రెండు కణశ్రేణులు ప్రసిద్ధమైనవి. ఎం.డి.సి.కె. శ్రేణిని 1958లో మాడిన్, డార్బీ కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుండి రూపొందించారు. ఎల్.ఎల్.సి.-పి.కె.1 శ్రేణి పంది మూత్రపిండం నుండి లభించింది. మొదటిది దూరస్థ, సంగ్రహణ నాళికల లక్షణాలను, రెండవది సమీపస్థ నాళిక లక్షణాలను ఎక్కువగా చూపుతాయి.

పరిపక్వ దశలు

పలుచగా వేసిన కణాలు చదునుగా పరచుకొని వేగంగా విభజన చెందుతాయి. అవి ఒకదానినొకటి తాకి పూర్తి పొరగా ఏర్పడగానే విభజన మందగిస్తుంది. కణాల మధ్య బిగువైన సంధులు ఏర్పడి పైతలాన్ని, కింది తలాన్ని వేరుచేస్తాయి. సోడియం-పొటాషియం పంపు కింది, పక్క త్వచాలలో స్థిరపడుతుంది. పైతలంలో సూక్ష్మచూషకాలు, ఒక శైలిక వృద్ధి చెందుతాయి. ఎల్.ఎల్.సి.-పి.కె.1 కణాలలో సోడియంతో ముడిపడిన గ్లూకోజ్ శోషణ పొర పూర్తయిన తరువాతే బలపడుతుంది. ఎం.డి.సి.కె. కణాలు లవణాలను, నీటిని కిందికి పంపడం వల్ల ప్లాస్టిక్ పాత్రలో పొర అక్కడక్కడ గుమ్మటాలవలె పైకి లేస్తుంది. రవాణా జరుగుతున్నదనడానికి ఇది సూక్ష్మదర్శినిలో కనిపించే నిదర్శనం.

పరిపక్వతకు తోడ్పడే పరిస్థితులు

కణాలను రంధ్రాలున్న పొరపై పెంచితే, శరీరంలో వలె కింది తలం నుండి కూడా పోషకాలు అందుతాయి. పైతలంపై ద్రవప్రవాహం కల్పించడం కూడా మేలు చేస్తుంది. మూత్రపిండం నుండి నేరుగా సేకరించిన కణాలు మాత్రం వర్ధనంలో క్రమంగా తమ ప్రత్యేక ఎంజైములను, రవాణా ప్రోటీన్లను కోల్పోతాయి.

పరీక్షలకు అన్వయం

మెటలోథయోనీన్‌తో బంధితమైన కాడ్మియాన్ని నాళికా కణాలు మెగాలిన్ గ్రాహకం ద్వారా లోనికి తీసుకుంటాయి. ఈ గ్రాహకం తగ్గిన కణాలపై పరీక్షిస్తే హానికర మోతాదు కూడా నిరపాయంగా కనిపించవచ్చు. మరోవైపు, కణవిభజనను మాత్రమే అడ్డుకునే పదార్థం అపరిపక్వ కణాలలో మూత్రపిండ విషంగా భ్రమ కలిగించవచ్చు. కనుక పరీక్షకు ముందు పొర పూర్తయి గడిచిన రోజులు, పొర విద్యుత్ నిరోధం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చర్య, సంబంధిత గ్రాహకం ఉనికి నమోదు చేయాలి. ఈ వివరాలు లేని ఫలితాన్ని ఆహార భద్రతా సిఫారసులకు ఆధారంగా తీసుకోవడం సమంజసం కాదు.