డేటా సైన్స్ చదవాలంటే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?

డేటా సైన్స్‌లో సీటు రాగానే ఇంట్లో మొదటి చర్చ ఫీజు గురించి, రెండోది ల్యాప్‌టాప్ గురించి. "గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఈ కోర్సు నడవదట" అని ఎవరో ఒకరు చెప్తారు. అంతే, లక్ష దాకా అప్పు చేయడానికి కూడా అమ్మానాన్నలు సిద్ధపడిపోతారు. మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం. బీటెక్ డేటా సైన్స్ నాలుగేళ్లూ గ్రాఫిక్స్ కార్డు లేని, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తోనే చదివాను. అది ఎక్కడ సరిపోయింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది, కోర్సులో అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం.

మొదట్లో జీపీయూతో పనే లేదు

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ సిలబస్ చూడండి. ఫౌండేషన్ లెవెల్లో 8 కోర్సులు: మ్యాథ్స్ రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లిష్ రెండు, కంప్యూటేషనల్ థింకింగ్, పైథాన్. మెషిన్ లెర్నింగ్ ఆ తర్వాతే. బీటెక్‌లో కూడా దాదాపు ఇదే వరస. ప్రాబబిలిటీకి కావాల్సింది పెన్ను, పేపరు. పైథాన్‌కి ఏ మామూలు ల్యాప్‌టాపైనా చాలు.

ర్యామ్ లెక్క మీరే వేసుకోండి

10 లక్షల వరసలు, 10 కాలమ్‌లు, అన్నీ నంబర్లే ఉన్న ఫైల్ అనుకుందాం. పాండాస్‌లో ఒక్కో నంబర్‌కి 8 బైట్లు. అంటే మొత్తం 8 కోట్ల బైట్లు, సుమారు 80 ఎంబీ. కాలేజీలో ఇచ్చే డేటాసెట్లు చాలావరకు ఇంతకంటే చిన్నవే. టెక్స్ట్ కాలమ్‌లు ఉంటే మాత్రం సైజు బాగా పెరుగుతుంది. పైగా క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉంటే 8 జీబీ మెషిన్ మొరాయిస్తుంది. అందుకే ఇప్పుడు కొనేవాళ్లకి 16 జీబీ చెప్తాను.

డీప్ లెర్నింగ్ వచ్చాక?

అప్పుడు జీపీయూ కావాలి, కానీ అది మీ బ్యాగులోనే ఉండక్కర్లేదు. గూగుల్ కోలాబ్ ఉచితంగానే జీపీయూ ఇస్తుంది. సెషన్ గరిష్ఠంగా 12 గంటలు, గ్యారంటీ లేదు, ఖాళీగా వదిలేస్తే కట్ అయిపోతుంది. కాబట్టి మోడల్‌ని మధ్యమధ్యలో గూగుల్ డ్రైవ్‌లో సేవ్ చేసుకుంటూ ఉండాలి. కాగుల్‌లో కూడా వారానికి ఇన్ని గంటలని ఉచిత కోటా ఉంటుంది.

ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకి ఇంకో లాభం ఉంది. 5 జీబీ డేటాసెట్‌ని నేరుగా కోలాబ్‌లోకే దించితే అది గూగుల్ సర్వర్‌కి వెళ్తుంది, మీ రోజువారీ డేటా ప్యాక్‌ని తినదు. మీ ఫోన్ మీదుగా వచ్చేది కోడ్, రిజల్ట్ మాత్రమే.

అసలు కష్టం ఇక్కడ

2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర్లోనే తీరం దాటింది. మూడో ఏడాది మినీ ప్రాజెక్టుకి ఆ వాతావరణ డేటానే తీసుకున్నాను. ఏ స్పెక్ షీట్‌లోనూ కనిపించని రెండు చిక్కులు అందులో ఉన్నాయి.

ఒకటి, తేదీ. మన వాతావరణ శాఖ ఉదయం 8:30కి గత 24 గంటల వాన లెక్క తీసుకుంటుంది. 26 రాత్రి కురిసిన వాన 27వ తేదీ లెక్కలోకి వస్తుంది. ఇది తెలియకుండా గంటగంటకీ నమోదైన గాలి వేగంతో తేదీల ప్రకారం కలిపేస్తే, తుపాను వెళ్లిపోయాక వాన పడినట్టు కనిపిస్తుంది. కోడ్‌లో ఎర్రర్ ఏమీ రాదు.

రెండు, ఖాళీలు. తుపాను టైంలో కరెంటో సిగ్నలో పోయి స్టేషన్ రీడింగ్ ఆగిపోతే, సరిగ్గా గాలి ఎక్కువగా ఉన్న గంటలే డేటాలో ఉండవు. ఆ ఖాళీలను సగటుతో నింపితే, తుపాను రాత్రి కూడా మామూలు రాత్రిలా మారిపోతుంది. అలాంటి డేటాతో నేర్చుకున్న మోడల్‌కి పరీక్షలో మంచి స్కోరే రావచ్చు, కానీ హెచ్చరిక కావాల్సిన రోజునే అది "భయం లేదు" అంటుంది. పడవ మీద సముద్రంలోకి వెళ్లేవాళ్లున్న ఊరికి ఆ తేడా చిన్నది కాదు.

ఈ రెండింటినీ ఆర్‌టీఎక్స్ కార్డు పట్టుకోదు. డేటా ఎలా పుట్టింది, ఎక్కడ ఎందుకు ఆగింది అని అడిగే అలవాటే పట్టుకుంటుంది. నాలుగేళ్ల చదువులో ఉద్యోగానికి నాతో వచ్చింది కూడా అదే.

ఏం కొనాలి?

ఐ5 లేదా రైజెన్ 5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. బడ్జెట్ తక్కువైతే 8 జీబీ తీసుకోండి, కానీ తర్వాత ర్యామ్ వేసుకునే స్లాట్ ఉందో లేదో చూసుకోండి. కరెంటు కోతలుండే చోట జీపీయూ కంటే బ్యాటరీ ముఖ్యం. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు బరువు, ప్లగ్ లేకపోతే త్వరగా చల్లబడిపోతాయి. గేమ్స్ కోసమే కావాలంటే గేమ్స్ కోసమనే చెప్పి కొనండి, చదువు పేరు చెప్పి ఇంట్లో అప్పు చేయించకండి.