పాస్‌వర్డ్ మేనేజర్ల అంతర్జాల అనుసంధానాలు

పాస్‌వర్డ్ మేనేజర్ అనగా ఒక వ్యక్తి యొక్క సంకేతపదాలన్నిటినీ గుప్తీకరించి ఒకేచోట భద్రపరచే అనువర్తనం. ఇది కంప్యూటరులోను, మొబైలు ఫోనులోను పనిచేస్తుంది. దీనిని తెరవడానికి వాడే సంకేతపదాన్ని ప్రధాన సంకేతపదం అంటారు. వాడుకరి ఏమీ అడగకపోయినా ఈ అనువర్తనం అంతర్జాలంలోని ఇతర కంప్యూటర్లను సంప్రదిస్తున్నట్లు ఫైర్‌వాల్ వంటి సాధనాలలో కనిపించవచ్చు. అప్పుడు సంకేతపదాలు బయటకు పోతున్నాయేమోనన్న అనుమానం కలగడం సహజం. ఇటువంటి అనుసంధానాలలో చాలావాటికి సాధారణమైన కారణాలే ఉంటాయి. అయితే కారణం సాధారణమైనదైనంత మాత్రాన అనుసంధానం సురక్షితమైనదని చెప్పడానికి వీలులేదు.

ముఖ్య కారణాలు

సమకాలీకరణ: ఫోనులో చేర్చిన సంకేతపదం కంప్యూటరులో కూడా కనిపించాలంటే రెండింటికీ మధ్య ఒక సర్వరు అవసరం. చాలా అనువర్తనాలలో సమాచారం వాడుకరి పరికరంలోనే గుప్తీకరించబడి, ఆ తరువాతే సర్వరుకు చేరుతుంది.

కొత్త కూర్పుల తనిఖీ: మెరుగుపరచిన కూర్పు విడుదలైనదా అని అనువర్తనం తన తయారీదారు సర్వరును అడుగుతుంది. 2003లో మొదలైన కీపాస్ తన సమాచారాన్ని వాడుకరి కంప్యూటరులోనే దస్త్రంగా ఉంచుతుంది. అయినా వాడుకరి అనుమతిస్తే కొత్త కూర్పు కోసం తన వెబ్‌సైటును సంప్రదిస్తుంది.

వెబ్‌సైట్ల చిహ్నాలు: జాబితాలో ప్రతి ఖాతా పక్కన ఆయా వెబ్‌సైటు చిహ్నాన్ని చూపడానికి అనువర్తనం దానిని ఎక్కడినుండైనా తెచ్చుకోవాలి. బిట్‌వార్డెన్ ఇందుకు ప్రత్యేకమైన సర్వరును వాడుతుంది. అవసరం లేదనుకున్నవారు అమరికలలో దీనిని ఆపివేయవచ్చు.

బయటపడిన సంకేతపదాల తనిఖీ: ట్రాయ్ హంట్ 2013లో ప్రారంభించిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" సేవ ద్వారా ఒక సంకేతపదం ఇదివరకే దొంగల చేతిలో పడినదో లేదో తెలుసుకోవచ్చు. ఇందుకోసం సంకేతపదాన్ని పంపనవసరం లేదు. అనువర్తనం మొదట సంకేతపదాన్ని షా-1 అనే గణిత పద్ధతిలో 40 అక్షరాల ముద్రగా మారుస్తుంది. అందులో మొదటి 5 అక్షరాలను మాత్రమే సర్వరుకు పంపుతుంది. ఆ 5 అక్షరాలతో మొదలయ్యే ముద్రలన్నిటినీ సర్వరు తిరిగి పంపుతుంది. మిగిలిన 35 అక్షరాలను పోల్చే పని వాడుకరి పరికరంలోనే జరుగుతుంది. 5 అక్షరాలతో 10,48,576 రకాల ఆరంభాలు ఏర్పడతాయి. ఒక్కొక్క ఆరంభం కింద అనేక ముద్రలు ఉంటాయి కనుక వాడుకరి సంకేతపదం వాటిలో ఏదో సర్వరుకు తెలియదు. ఈ పద్ధతి 2018 ఫిబ్రవరి నుండి అమలులో ఉంది.

వినియోగ గణాంకాలు: అనువర్తనాన్ని ఎవరు ఎలా వాడుతున్నారో తెలుసుకోవడానికి కొందరు తయారీదారులు ఇతర సంస్థల ఉపకరణాలను అందులో చేరుస్తారు. లాస్ట్‌పాస్ ఆండ్రాయిడ్ అనువర్తనంలో అటువంటివి 7 ఉన్నట్లు 2021లో వెల్లడై విమర్శలకు దారితీసింది.

అపరిచితమైన చిరునామాలు

అనుసంధానాల పట్టికలో తయారీదారు పేరుకు బదులుగా అమెజాన్, క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థల చిరునామాలు కనిపించవచ్చు. చాలామంది తయారీదారులు సొంత సర్వర్లకు బదులు ఇటువంటి సంస్థల సర్వర్లను అద్దెకు తీసుకోవడమే ఇందుకు కారణం. అవతలి సర్వరు ధ్రువపత్రం చెల్లుబాటులో ఉన్నదో లేదో పరిశీలించడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేరే సర్వర్లను సంప్రదించవచ్చు.

ఆపిల్ పాస్‌వర్డ్స్ ఉదంతం

ఆపిల్ సంస్థ 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో పాటు పాస్‌వర్డ్స్ అనే అనువర్తనాన్ని విడుదల చేసింది. తమ ఫోనులోని గోప్యతా నివేదికను పరిశీలించిన మిస్క్ బృందానికి, ఈ అనువర్తనం 130 వెబ్‌సైట్లను గుప్తీకరణ లేని హెచ్‌టిటిపి పద్ధతిలో సంప్రదించినట్లు కనిపించింది. చిహ్నాలను తెచ్చుకోవడం ఇందుకు ఒక కారణం. సంకేతపదం మార్చుకొనే పేజీలను కూడా అనువర్తనం ఇదే పద్ధతిలో తెరుస్తున్నట్లు తేలింది.

ఇక్కడ భద్రపరచిన సంకేతపదాలు నేరుగా బయటకు పోలేదు. అయినా ప్రమాదం చిన్నది కాదు. విమానాశ్రయం వంటి చోట్ల అదే వై-ఫైలో ఉన్న దుండగుడు హెచ్‌టిటిపి అభ్యర్థనను అడ్డగించి, వాడుకరిని నకిలీ పేజీకి మళ్ళించవచ్చు. నమ్మకమైన అనువర్తనమే తెరిచిన పేజీ కదా అని వాడుకరి అందులో తన సంకేతపదాన్ని స్వయంగా నింపే అవకాశం ఉంది. ఈ లోపాన్ని 2024 డిసెంబరులో ఐఓఎస్ 18.2 ద్వారా సరిదిద్దారు. వివరాలు 2025 మార్చిలో వెలుగులోకి వచ్చాయి.

కూర్పుల తనిఖీ కూడా దుర్వినియోగం కావచ్చు. 2021 ఏప్రిల్‌లో పాస్‌వర్డ్‌స్టేట్ అనే అనువర్తనం యొక్క నవీకరణ వ్యవస్థలోకి దుండగులు చొరబడి, దాని ద్వారానే వాడుకరులకు హానికరమైన దస్త్రాన్ని చేరవేశారు.

పరిశీలించే విధానం

అనుసంధానం కనిపించినప్పుడు మొదట దాని సమయాన్ని, అవతలి చిరునామాను, పోర్టు సంఖ్యను, పంపిన సమాచార పరిమాణాన్ని గుర్తించాలి. పోర్టు 443 సాధారణంగా గుప్తీకరించిన హెచ్‌టిటిపిఎస్‌ను, పోర్టు 80 గుప్తీకరణ లేని హెచ్‌టిటిపిని సూచిస్తాయి. తరువాత అనువర్తనపు అమరికలలో చిహ్నాలు, కూర్పుల తనిఖీ, గణాంకాలు మొదలైనవాటిని ఒక్కొక్కటిగా ఆపి, ప్రతిసారీ మళ్ళీ గమనించాలి. ఏది ఆపినప్పుడు అనుసంధానం ఆగిపోయిందో అదే దానికి కారణమని భావించవచ్చు. అన్నీ ఆపినా కొనసాగేదాని గురించి తయారీదారును వివరణ అడగడం మంచిది.

ఈ పరిశీలనకు ఒక పరిమితి ఉంది. గుప్తీకరించిన అనుసంధానంలో ఎవరు ఎవరితో మాట్లాడారో మాత్రమే తెలుస్తుంది, ఏమి మాట్లాడారో తెలియదు. పోస్టు చేసిన కవరు మీద చిరునామా చదవగలిగినా లోపలి ఉత్తరం చదవలేకపోవడం వంటిదే ఇది. కనుక పట్టికలో తెలియని పేరు కనిపించడం దొంగతనానికి రుజువు కాదు, తెలిసిన పేరు కనిపించడం భద్రతకు హామీ కాదు. మూలసంకేతం బహిరంగంగా ఉన్న అనువర్తనాలలో పంపే సమాచారాన్ని నిపుణులు స్వయంగా పరిశీలించే వీలుంది. అంతర్జాలంతో సంబంధమే వద్దనుకొనేవారికి కీపాస్2ఆండ్రాయిడ్ ఆఫ్‌లైన్ వంటివి అందుబాటులో ఉన్నాయి. ఇది ఫోనులో అంతర్జాల అనుమతినే కోరదు. అయితే అటువంటప్పుడు సంకేతపదాల దస్త్రానికి నకలు తీసి జాగ్రత్త చేసుకొనే బాధ్యత పూర్తిగా వాడుకరిదే అవుతుంది.