విశాఖనుండి చెన్నపట్టణమునకు ఆకాశమార్గము

విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచి చూచు బాలునకు క్రింద ఓడయు, మీద విమానమును కానవచ్చును. ఈ రెంటికిని దూరమును కొలుచు కోల యొక్కటియే యని మనలో ననేకు లెఱుగరు. ఆ కోల భూగోళమే.

భూమధ్యరేఖనుండి ధ్రువమువఱకు గల దూరమును 90 డిగ్రీలుగాను, ఒక్కొక్క డిగ్రీని 60 కళలుగాను విభజింతురు. ఉత్తరదక్షిణముగా ఒక కళ పొడవే నాటికల్ మైలు. అది 1,852 మీటరులు. నావికులు వాడు నీ మైలునే విమానచోదకులును వాడుచున్నారు. గంటకొక నాటికల్ మైలు నడచు వేగమునకు నాట్ అని పేరు.

ఇక లెక్క చూతము. విశాఖ నావికాదళపు విమానస్థలము ఇంచుమించు 17 డిగ్రీల 43 కళల ఉత్తర అక్షాంశమునను, 83 డిగ్రీల 13 కళల తూర్పు రేఖాంశమునను ఉన్నది. చెన్నపట్టణపు మీనంబాక విమానస్థలమునకు అక్షాంశము 13 డిగ్రీలు. రేఖాంశము 80 డిగ్రీల 11 కళలు. అక్షాంశభేదము 283 కళలు, అనగా 283 నాటికల్ మైళ్లు. రేఖాంశభేదము 182 కళలు. కాని రేఖాంశరేఖలు ధ్రువములవైపు పోవుకొలది దగ్గఱపడును గనుక, ఈ సంఖ్యను మధ్యాక్షాంశపు కొసైన్ అగు 0.964 చేత గుణింపవలయును. 175 మైళ్లు వచ్చును. ఈ రెండును లంబకోణ త్రిభుజమునకు భుజములు. కర్ణము 333 నాటికల్ మైళ్లు, అనగా 617 కిలోమీటరులు. బెజవాడమీదుగా పోవు రైలుమార్గము సుమారు 780 కిలోమీటరులు. ఇట్టి కొద్దిదూరములకే ఈ పద్ధతి చాలును. ఖండాంతర ప్రయాణములకు గోళీయ త్రికోణమితి కావలయును.

విమానము 420 నాట్ల వేగముతో పోయినచో 333 మైళ్లకు 48 నిమిషములు పట్టును. 40 నాట్ల గాలి యెదురైన 53 నిమిషములు. వెనుకనుండి వీచిన 43. నేలమీద నడచుటకును, పైకెక్కుటకును, దిగుటకును వేగము తక్కువ గనుక, కాలపట్టికలో ఇంతకన్న హెచ్చుగా చూపుదురు.

విమానమునకు ఎంత యింధనము పోయవలయునో ఈ గణనమే తెలుపును. అందు ప్రమాణము తప్పిన నేమగును? కెనడా దేశమున 1983 జూలై 23వ తేదీన ఒక బోయింగ్ 767 విమానమునకు ఇంధనము లెక్కించువారు కిలోగ్రాములకు మాఱుగా పౌనుల గుణకమును వాడిరి. కావలసినదానిలో సగమునకైనను చాలని యింధనముతో అది బయలుదేఱెను. నడియాకాశమున యంత్రములు ఆగిపోయెను. చోదకులు నేర్పుతో గిమ్లి యను చోట, విడిచిపెట్టిన సైనిక విమానస్థలమున దానిని దింపిరి. అందున్న 69 మందియు బ్రతికిరి.

విద్యార్థులారా! అంకె సరియైనను, ప్రక్కన ప్రమాణము వ్రాయలేదని ఉపాధ్యాయులు మార్కులు తగ్గించిన మీరు విసుగుకొనుట కలదు. 333 అను సంఖ్య మైళ్లా, కిలోమీటరులా యని యిక తప్పక వ్రాయుడు.